రేకు తలుపు

నా కంప్యూటర్‌లో లోపం లేదని మూడు వారాలు మొత్తుకున్నాను. ఒక్కరైనా వింటేనా! విననివాళ్లందరికీ చెప్పడం కోసమే ఇదంతా చెబుతున్నాను, ఇప్పుడైనా వినండి.

నా పేరు శోభ. మాది కేతేపల్లి. మా ఆయన గిరి చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీకి పోతాడు, మా మామ కురుమయ్యకు నూటముప్పై గొర్లు, పది మేకలు. నేను హైదరాబాద్‌లోని ఒక పెద్ద దవాఖానకు ఫోన్ చేసేవాళ్లకు డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇస్తాను. ఇంట్లోనే, నా కంప్యూటర్ ముందు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. డిగ్రీ చదివి ఆరేళ్లు ఖాళీగా కూర్చున్నాక దొరికిన నౌకరీ. మూడు నెలలు చూసి పక్కా చేస్తామన్నారు. రెండు నెలలు బాగానే గడిచాయి.

అంతలో నెట్ తెగడం మొదలైంది. రోజూ పొద్దుగూకే వేళ. ఎవరో ముసలాయన "గుండె డాక్టర్ ఎప్పుడుంటడు బిడ్డా" అని అడుగుతుంటాడు, నేను తారీఖు చెప్పబోతాను, వైఫై గీతలన్నీ మాయం. పావుగంటకో, అరగంటకో ఒక గీత వచ్చి, మళ్లీ పోయేది.

సోమవారం సూపర్‌వైజర్ శ్రీవాణి మేడం ఫోన్ చేసింది.

"శోభగారూ, నిన్న కూడా లైన్‌లోంచి పోయారు. పల్లెల్లో నెట్ అంతేనండీ, మీ తప్పు కాదు. శుక్రవారం మీ షిఫ్టు నేనే కూర్చుని వింటాను. ఒక్కసారి డిస్‌కనెక్ట్ అయినా ఐడీ తీసేస్తాం. ఏమనుకోకండి."

ఐడీ తీసేస్తే నౌకరీ పోయినట్టే. నా తప్పని తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. 'పల్లెల్లో అంతే' అన్న మాటకు ఒళ్లు మండిపోయింది.

మా ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పాలి. రోడ్డు వైపు గిరి అన్న, మా బావ పరమేష్ వాళ్లది, వెనక వైపు మాది, మధ్యలో గొర్ల దొడ్డి. నెట్ కనెక్షన్ బావ పేరు మీద ఉంది, రూటర్ ఆయన ముందు గదిలో ఉంది. నా గదివి మూరెడు మందం రాతి గోడలు. ఒకటే కిటికీ, అది దొడ్డి వైపు. మొదట్లో రూటర్ నుంచి నా దాకా వైరు ఉండేది. మూడు వారాల కింద మేకలు దాన్ని కొరికి పెట్టాయి, మళ్లీ గుంజితే రెండో రోజుకే కొరికాయి. అప్పటి నుంచి వైఫైయే దిక్కు.

మంగళవారం నెట్ మనిషి నాగేందర్ వచ్చాడు. పగలు పదకొండింటికి.

"అక్కా, గీతలన్నీ ఫుల్లున్నయ్. ఏం ఫికర్ లేదు," అన్నాడు.

"పగటి పూట ఉంటదని నేనే చెప్తున్న గదా! పోయేది సాయంత్రం. సాయంత్రం రా."

"సాయంత్రం నాకు వేరే ఊర్ల పనుంది. జర ఆగు, డ్రైవర్ పాతదైనట్టుంది."

అరుగు మీద కూర్చున్న మామ లోపలికి తొంగి చూశాడు. "ఇంట్ల కూసుండే డబ్బకు డ్రైవరెందుకు రా?"

నాగేందర్ పడీపడీ నవ్వాడు. కంప్యూటర్‌కూ వైఫైకీ మధ్య మాట కలిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారని మామకు నేను చెప్పాను. నాగేందర్ దాన్ని మార్చాడు, లేచాడు, సంచి భుజాన వేసుకున్నాడు. "మల్ల పోతే కొత్త కంప్యూటర్ కొనుండ్రి. లేకుంటే నువ్వే ఏదో ఒత్తి ఉంటవు అక్కా."

"ఏం ఒత్తిన్నో చూపెట్టి పో!" అని గుమ్మం దాకా వెంటపడ్డాను. బండి ఎక్కి పోయాడు. ఆ సాయంత్రం ఆరుంబావుకు నెట్ పోయింది.

సరే, ఎవరూ చేయకపోతే నేనే చేస్తాను అనుకున్నాను. ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. కరెంటు పొదుపు కోసం వైఫైని కంప్యూటర్ తనంతట తానే ఆపేస్తుందట, ఆ టిక్కు తీసేశాను. రూటర్ చానల్ మార్చాను. వైఫై అందుకునే డాంగిల్, వేలెడంత ముక్క, కంప్యూటర్ వెనక గోడవైపు ఉండేది, దాన్ని చిన్న వైరుతో కిటికీ దాకా తెచ్చాను. పగలంతా నాలుగు గీతలు నిలబడ్డాయి. బుధవారం సాయంత్రం ఆరు దాటి ఐదు నిమిషాలకు మళ్లీ పోయింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, అందులో దాపరికం ఏముంది!

నెట్ పోయిన వేళ ప్రతిరోజూ గోడ క్యాలెండర్‌లో ఆ తారీఖు కింద రాస్తున్నాను. ఆరుంబావు, ఆరున్నర, మబ్బు పట్టిన రోజు ఐదున్నరకే. గురువారం పొద్దున దాని ముందు నిలబడి చూస్తుంటే ఒకటి తట్టింది. పోయిన వారం వరసగా నాలుగు రోజులు నేనేమీ రాయలేదు. ఆ నాలుగు గళ్లలో నా రాత బదులు పెన్నుతో చుట్టిన సున్నాలున్నాయి. మామవి.

"మామా, గీ సున్నాలేంది?"

"జానయ్య చెల్కల మంద పెట్టినం గదా. ఎన్ని దినాలైందో మరుస్తనని చుట్టిన."

ఎరువు కోసం రైతులు పిలిస్తే గొర్లను రాత్రిళ్లు వాళ్ల చేలల్లోనే ఉంచుతారు. ఆ రోజుల్లో మంద ఇంటికి రాదు.

"ఆ నాలుగు దినాలు దొడ్డి తలుపు మూసిన్రా?"

"గొర్లే లేని దొడ్డికి తలుపెందుకు పిల్లా?"

కిటికీలోంచి దొడ్డి వైపు చూశాను. మా దొడ్డి తలుపు రేకుది, నిలువెత్తు ఉంటుంది. తెరిస్తే పక్క గోడకు ఆనుకుంటుంది, మూస్తే సరిగ్గా నా కిటికీకీ బావ ఇంటికీ మధ్య నిలబడుతుంది. గొర్లు ఇంటికి వచ్చిన వేళ మూస్తారు. మబ్బు పడితే తొందరగా వస్తాయి, తొందరగా మూస్తారు. ఆ తర్వాత ఎవరైనా బయటికి పోవడానికి తెరిస్తే ఒక గీత వస్తుంది.

"మామా, జర తలుపు ముయ్యి!" అని కిటికీలోంచి అరిచాను. మూశాడు. నాలుగు గీతలూ పోయాయి. "తెరువు!" వచ్చాయి. "మల్ల ముయ్యి!" పోయాయి.

"నాతోటి ఆటాడుతున్నవా ఏంది?" అన్నాడు మామ.

సంబరంగా వెళ్లి సంగతి చెప్పాను. ఎనిమిది దాకా తలుపు తెరిచి ఉంచి, తడక అడ్డం పెట్టమన్నాను. మామ ముఖం మారిపోయింది. పోయిన ఎండాకాలం తడకను తోసుకొచ్చి కుక్కలు ఏడు గొర్రెపిల్లలను చంపాయి. ఆ తర్వాతే రేకు తలుపు వచ్చింది.

"నీ నౌకరి కోసం నా పిల్లలను కుక్కల నోట్ల పెట్టాల్నా?"

"నీ పిల్లల కోసం నా నౌకరి పోవాల్నా?" అనేశాను. మామతో అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు. అయినా ఆగలేదు. "కిటికీ కాడ కూసునేది నేనే. కుక్క వస్తే అందరికన్న ముందు నేనే చూస్త. గా మేడం మన ఊర్లనే అంటున్నది, పల్లెల్ల గింతే అని. తలుపుకు ఊరెందుకు మాట పడాలె?"

మామ కర్ర తీసుకుని గొర్ల వెంట వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం తలుపు ఎప్పటిలాగే మూశాడు. నెట్ పోయింది.

శుక్రవారం నాలుగింటికి హెడ్‌సెట్ పెట్టుకున్నాను. శ్రీవాణి మేడం లైన్‌లోకి వచ్చి, "నేను వింటున్నాను, కానివ్వండి" అంది. ఆరు దాటింది. మంద దుమ్ము లేపుకుంటూ వచ్చి దొడ్డిలో పడింది. మామ తలుపు వైపు వెళ్లలేదు. అటక మీది పాత తడకను తెచ్చి అడ్డం నిలిపి, దాని పక్కనే కర్ర పట్టుకుని కూర్చున్నాడు. నా వైపు చూడనైనా లేదు.

ఒక ఫోన్ ముగిసి ఇంకొకటి రాకముందు బావ పరమేష్ వచ్చాడు. "నీకేమన్న మతి పోయిందా నాయినా? తలుపు తెరిచి పెట్టినవేంది?" అంటూ రేకు తలుపు పట్టుకుని గుంజాడు. నాలుగు గీతలు రెండయ్యాయి.

"బావా! తలుపు ముట్టకు!" గొంతు చిరిగేలా అరిచాను. దొడ్డిలో గొర్లన్నీ బెదిరి ఒకేసారి అరిచాయి.

బావ బిత్తరపోయి ఆగాడు. మామ లేచి కర్ర అడ్డం పెట్టాడు. "ఇడువురా. ఎనిమిది దాంక గా తలుపు శోభది."

బావ గొణుక్కుంటూ వదిలేశాడు. గీతలు నాలుగయ్యాయి. ఇంకో ఫోన్ మోగింది. సూర్యాపేట నుంచి ఎవరో తల్లి, కళ్ల డాక్టర్ కావాలంది. తారీఖు చెప్పాను.

ఎనిమిదింటికి శ్రీవాణి మేడం మాట్లాడింది. "ఒక్కసారి కూడా డిస్‌కనెక్ట్ కాలేదు. ఐడీ ఉంటుంది. కానీ డ్యూటీలో ఆ అరుపులేంటి, ఆ గొర్రెలేంటి? రిమార్కు రాయాల్సి వస్తుంది శోభగారూ."

డ్యూటీలో నీట్‌గా మాట్లాడమని మాకు మొదటి రోజే చెప్పారు. డ్యూటీ అయిపోయింది కదా.

"రాయుండ్రి మేడం. శోభ అర్సిందని రాయుండ్రి, గొర్లు అర్సినయని రాయుండ్రి. పల్లెల నెట్ పోయిందని మాత్రం రాయనియ్య."

హెడ్‌సెట్ తీసి పెట్టి దొడ్డిలోకి వెళ్లాను. మామ తడక పక్కకు జరిపాడు, రేకు తలుపు నేను మూశాను. లోపలికి వచ్చి క్యాలెండర్‌లో శుక్రవారం గడిలో సున్నా చుట్టాను, మామ చుట్టినవాటి కంటే పెద్దది.