గోడకెక్కే ఫొటో

సిద్ధరాములు గడప మీద కూర్చుని కెమెరా ముందు తగిలించే హుడ్‌ను పాత ధోవతి ముక్కతో తుడుస్తున్నాడు. పేరుకు హుడ్డే గానీ అది దుకాణంలో కొన్నది కాదు. నూలు చుట్టి వచ్చే అట్ట కోను అడుగుభాగాన్ని ఉంగరంలా కోసి, లోపల నల్లరంగు పూసి, లెన్సు మూతికి సరిగ్గా పట్టేట్టు తానే చేసుకున్నాడు. పక్కనుంచి వచ్చే ఎండ లెన్సు మీద పడి ఫొటోను తెల్లగా కడిగేయకుండా అది అడ్డుకుంటుంది. సోలాపూర్‌లో కోనులకు కరువా? వీధి వీధికీ మగ్గాల షెడ్లే, షెడ్డు షెడ్డుకీ కోనుల గుట్టలే.

సన్నటి మనిషి. జీవితమంతా ఒక కన్ను మూసి చూసీ చూసీ, ఎడమ కంటి చుట్టూ ముడతలు కుడి కంటికి రెట్టింపు పడ్డాయి. మెడలో కెమెరా లేకపోయినా మెడ ముందుకు వంగే ఉంటుంది. అశోక్ చౌక్ దగ్గర ఎవరి స్టూడియోలోనో ఊడ్చే పనికి కుదిరి, చూసి నేర్చుకుని, పెళ్ళిళ్ళూ తొట్టెల పండుగలూ తీస్తూ తల నెరిపేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఎండలోనే కాదు, దీపాల వెలుగులోనూ హుడ్ లేకుండా మీట నొక్కిన పాపాన పోలేదు. అక్క కొడుకు శుభమ్‌కు అదొక వేళాకోళం. శుభమ్‌కు సొంత స్టూడియో ఉంది. పెళ్ళికూతురి కొంగు మీదుగా ఎండ తీగలు తీగలుగా సాగితేనే పెళ్ళివాళ్ళు మెచ్చుకుంటారని, హుడ్‌ను పెట్టెలోంచి తీయనే తీయడు. ఇద్దరికీ పని దొరుకుతూనే ఉంది. ఎవరి పిచ్చి వారికానందం.

సిద్ధరాములుకు ఇంకో పని కూడా ఉంది. పోయినవాళ్ళ ఫొటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టివ్వడం. పేటలో చాలామందికి బతికుండగా మంచి ఫొటో ఒక్కటీ ఉండదు. మనిషి పోయాక ఇంటివాళ్ళు ఆధార్ కార్డు పట్టుకుని వస్తారు. అందులో ముఖం దొంగతనంలో దొరికినవాడి ముఖంలా ఉంటుంది. దాన్నే పెంచి, వెనక నీలిరంగు పెట్టి ఇస్తే దండ వేసి దణ్ణం పెట్టుకుంటారు. సిద్ధరాములు తండ్రి కూడా ఓటరు కార్డులోంచే గోడకెక్కాడు. కళ్ళు సగం మూసుకుని, నోరు వంకర పోయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఇందరిని గోడకెక్కించినవాడికి మాత్రం చెప్పుకోదగ్గ ఫొటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ కెమెరాకు వెనకే ఉండిపోయాడాయె.

గుండెలో గడబిడ ఉందని, ఆపరేషన్ చేయాలని, రేపు పొద్దున్నే వచ్చి చేరమని డాక్టరు చెప్పాడు. సిద్ధరాములు అడ్డు చెప్పలేదు. కానీ చేరేలోపు తన ఫొటో తీయించుకు తీరాలని గట్టిగా అనుకున్నాడు.

"ఇయ్యాల సాయంత్రం నా ఫొటో తియ్యాలె," అన్నాడు హుడ్‌ను లెన్సుకు బిగిస్తూ.

లోపల యమునాబాయి చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు మడిచే వేళ్ళు ఆగలేదు.

"ఏం ఫొటో?"

"గోడ మీదికి."

వేళ్ళు ఆగాయి. "నోరు మంచిగుండనియ్యి. ఆపరేషన్ అయితది, ఇంటికొస్తవ్. ఫొటో గీటో ఏం వద్దు."

"వస్త. వచ్చినంక గూడ ఫొటో ఉంటది గద. ఏం కుళ్ళిపోతదా?"

"నీ ఇష్టం. నన్నయితే పిలువకు."

ఆ కోపం భయానిదని అతనికి తెలుసు. సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు.

పాండురంగ్ సేటు షెడ్డులో కొత్త చద్దర్ల ఫొటోలు తీసే పని ఒప్పుకున్నాడు. డాబా మీద తాడుకు ఒక్కో చద్దరు ఆరేయించి, నేతలోని నెమలి నెమలిలాగే, ఎరుపు ఎరుపులాగే వచ్చేట్టు తీశాడు. మధ్యలో ఆయాసం వచ్చినప్పుడు చద్దరు ముడతలు సరిచేస్తున్నట్టు నటించి ఆగాడు. పని అయ్యాక కిందికి దిగితే, షెడ్డులో ఎప్పటిలాగే దూది నుసి గాలంతా ఎగురుతోంది. హుడ్ విప్పి నుసి దులిపి, కండెలు చుట్టే మిషను పక్కన అరుగు మీద పెట్టాడు. చాయ్ వచ్చిందంటే బయటికి వెళ్ళి తాగి వచ్చాడు. చూస్తే అరుగు ఖాళీ.

"ఈడ పెట్టిన నా హుడ్ ఏది ప్రతీక్షా?"

కండెలు చుట్టే ప్రతీక్ష మగ్గాల చప్పుడులో రెండోసారికి గానీ వినలేదు. విన్నాక నాలుక కరుచుకుంది. "అయ్యో కాకా! విరిగిన కోను అనుకున్న. చిత్తు సంచిలేసిన. టెంపో ఇప్పుడే పాయె."

ఆమెను అని లాభం లేదు. అట్ట కోను ముక్క అరుగు మీద కనిపిస్తే నూలు పనివాళ్ళు చేసేది అదే. సిద్ధరాములు ఆటో ఎక్కి చిత్తు సామాను కొనే గోదాముకు పోయాడు. విరిగిన కోనుల సంచులు ఇంటి కప్పు ఎత్తున పేర్చి ఉన్నాయి. రెండు సంచులు విప్పించి, మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. ఒకదానిలో ఒకటి దూరిన కోనులు, వేల కోనులు. గోదాము మనిషి నవ్వి, "గడ్డివాముల సూది దేవులాడుతున్నవ్ కాకా," అన్నాడు. మూడో సంచి లాగబోతే ఛాతీలో పట్టేసింది. కాసేపు ఆ అట్టల మీదే కూలబడి, చెమట తుడుచుకుని, లేచి ఇంటికి వచ్చేశాడు.

వచ్చీరాగానే పక్కింటి నుంచి కొత్త కోను అడిగి తెచ్చి కోయబోయాడు. కత్తి జారి కోను నిలువునా చీలిపోయింది. ఎప్పుడూ గురి తప్పని చెయ్యి అది. ఇంకో కోను తెచ్చే ఓపిక లేదు, పొద్దు వాలుతోంది.

అప్పుడే శుభమ్ బండి ఆపాడు. రేపు ఆసుపత్రికి ఎన్నింటికి బయలుదేరాలో అడగడానికి వచ్చాడు. సంగతి విని తన కెమెరా తీశాడు.

"నేను తీస్త మామా. హుడ్ లేకున్న ఏం గాదు. మెరుపు పడితే తర్వాత కంప్యూటర్‌ల తీసేస్త."

"మొఖం మీద పడ్డ ఎండ తీసేసి, దాని కింద ఏం పెడతవ్? నీ మొఖమా?"

"అయితే ఎండ దిక్కు తిరిగి నిలబడు."

"ఎండ దిక్కు తిరిగితే కండ్లు చిన్నగైతయ్. మళ్ళ ఆధార్ దొంగనే."

శుభమ్‌కు నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. ఏదో నిశ్చితార్థం ఉందని, పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ అత్త వైపు చూసి, నువ్వైనా చెప్పు అన్నట్టు చెయ్యి తిప్పాడు.

సిద్ధరాములు ఇంటి ముందు స్టాండు నిలబెట్టాడు. వీధి చివర మిల్లు పొగగొట్టం పక్కకు సూర్యుడు దిగుతున్నాడు. తాను సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే తల చుట్టూ వెలుగు వస్తుంది, కళ్ళు హాయిగా తెరుచుకుంటాయి. ఎందరో ముసలివాళ్ళను అతను అలాగే తీశాడు. కానీ అలా తీయాలంటే లెన్సుకు నీడ కావాలి. టైమరు పెట్టి, వడివడిగా వెళ్ళి నిలబడి, వెనక్కి వచ్చి చూసుకున్నాడు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మసక. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ మసకే. మూడోసారికి స్టాండు పట్టుకుని వంగి నిలబడిపోయాడు, ఊపిరి అందక.

చేట పక్కన పెట్టిన చప్పుడైంది. యమునాబాయి గడప దాటి వచ్చింది.

"నీ పట్టు పాడుగాను. ఏడ నొక్కాలె?"

అతను చూపించాడు. వెళ్ళి నిలబడ్డాడు. ఆమె జన్మలో కెమెరా ముట్టింది లేదు. వెనక తెర మీదికి వంగి చూసింది.

"పొగ గమ్మినట్టుంది. నువ్వు కానస్తలేవ్."

"చెయ్యి అడ్డం పెట్టు. బస్సు వస్తుందా అని నుదుటి మీద చెయ్యి పెట్టుకొని చూస్తవ్ గద? కెమెరాకు గూడ అట్లనే పెట్టు."

ఆమె ఎడమ చెయ్యి ఎత్తి లెన్సు పైన పట్టింది. కాస్త అటు, కాస్త ఇటు. ఉన్నట్టుండి పొగ విడిపోయి ముఖం కనిపించింది. నెరిసిన గడ్డం, ఒక వైపు ముడతలు, ఆమె కేసే చూస్తున్న రెండు కళ్ళు. ఇన్నేళ్ళ కాపురంలో అతను తనను రెండు కళ్ళతో ఇంతసేపు చూసిన గుర్తు ఆమెకు లేదు. ఈ మనిషి లేకపోతే ఎట్లా అని భయమేసింది. ఆ భయాన్ని మింగేసి గట్టిగా అరిచింది.

"నవ్వకు! నవ్వితే బోసినోరు కానస్తది."

అతను నవ్వాడు. ఆమె నొక్కింది.

ఇద్దరూ తలలు ఆనించి చూశారు. ముఖం చక్కగా వచ్చింది. బోసినోరూ వచ్చింది. పై మూలన ఆమె వేలి కొస మసగ్గా, నల్లగా పడింది.

"వేలు పడ్డది," అన్నాడు సిద్ధరాములు.

"పడితే పడ్డది."

ఇంకోటి తీద్దామంటే సూర్యుడు పొగగొట్టం వెనక్కి పోయాడు. "సరే తియ్యి. దవాఖాన నుంచి వచ్చినంక మళ్ళ తీద్దాం. అప్పటికి కొత్త హుడ్ చేస్త," అన్నాడు. ఆ రాత్రి జొన్నరొట్టె రెండు తుంపులు ఎక్కువే తిన్నాడు.

తెల్లవారి, ఆసుపత్రికి బయలుదేరాల్సిన వేళ, యమునాబాయి చాయ్ తెచ్చి లేపితే లేవలేదు. ఒంటి మీద చద్దరు కూడా చెదరలేదు. బయట మగ్గాలు అప్పుడే మొదలయ్యాయి.

దినవారాలకు ఫ్రేము కట్టించడానికి శుభమ్ ఆ ఫొటో కంప్యూటర్‌లో ఎక్కించాడు. ఏడ్చి ఏడ్చి అతని కళ్ళు కూడా వాచి ఉన్నాయి. హుడ్ మీద మామతో వాదించినన్ని సార్లు ఇంకెవరితోనూ వాదించలేదని, ఇక వాదించేవాడే లేడని రెండుసార్లు అన్నాడు.

"అత్తా, మూలకు నీ వేలు పడ్డది. తీసేస్త. నిమిషం పని."

"తియ్యకు."

"మామకు గూడ నచ్చలే అన్నవ్ గద?"

"ఆయనకు నచ్చకపాయె. నాకు కావాలె. ఆ చెయ్యి తీస్తే మళ్ళ ఎండ పడతది ఆయన మొఖం మీద."

అలా ఏమీ జరగదని శుభమ్‌కు తెలుసు. అయినా ఆమె ముఖం చూసి, ఉన్నదున్నట్టే ప్రింటు తీశాడు.

ఆ ఇంటి గోడ మీద ఇప్పుడు సిద్ధరాములు, తల చుట్టూ సాయంకాలపు వెలుగుతో, బోసినోటితో నవ్వుతున్నాడు. పై మూలన, దండ ఎంత పెద్దది వేసినా కప్పకుండా యమునాబాయి పక్కకు సర్దే చోట, పొగాకు మరక పట్టిన వేలొకటి అతనికి నీడ పడుతోంది.