పిట్టకు తగ్గ బరువు

ఆమెను ఇంటా బయటా అందరూ పిట్ట అనే పిలిచేవారు. నలభై ఏళ్ళొచ్చినా, ఇద్దరు పిల్లల తల్లయినా ఆ పేరు వదల్లేదు. నాలుగడుగుల ఎనిమిదంగుళాల మనిషి. బట్టలు సరిచేసే దుకాణంలో ఆమె కుట్టుమిషను పెడల్‌కు చెక్కముక్క బిగిస్తే తప్ప కాలు అందేది కాదు. కూత మాత్రం ఘనమే.

గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మునిగే స్కూబా పురుగు ఆమె బుర్రలోకి ఎక్కించింది ఆడపడుచు. ఆసుపత్రిలో నర్సు, తాటిచెట్టంత పొడుగు. "ఒక్కదాన్నే వెళ్తే ఏం బాగుంటుంది వదినా, నువ్వూ రా" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఈతకొలనులో మొదటిరోజే కష్టాలు మొదలయ్యాయి. నేర్పే మాస్టారి దగ్గర గాలి నింపుకునే జాకెట్లు రెండే సైజులు: పెద్దది, మరీ పెద్దది. పిట్టకు తొడిగినదాంట్లో ఇంకో పిట్ట పట్టేది. సిలిండరు వీపంతా ఆక్రమించి, తల ఎత్తినప్పుడల్లా టంగుమని మొట్టేది. భయంతో ఊపిరి బిగబట్టడం వల్ల ఆమె ఎంతకీ మునగలేదు.

"ఇంకో రెండు కిలోలు తగిలిద్దాం" అన్నారు మాస్టారు.

నడుము బెల్టుకు మొత్తం ఆరు కిలోల సీసపు దిమ్మలయ్యాయి. ఈసారి మునిగింది, రాయిలా. పైకి తేలాలని జాకెట్లోకి గాలి వదిలితే అది కాస్తా చెవులదాకా ఎగబాకింది. పైన గాలి లాగుతోంది, కింద సీసం లాగుతోంది. మధ్యలో పిట్ట నిటారుగా నిలబడిపోయింది.

బయటికొచ్చాక మాస్టారు తల పట్టుకున్నారు. "నీళ్ళలో బోర్లా, చాపలా పరుచుకోవాలమ్మా. మీరేమో బస్సు కోసం నిలబడ్డట్టున్నారు!"

సముద్రంలో దిగిన రోజైతే మరీ ఘోరం. ఆమె కాళ్ళు అడుగునున్న ఇసుకను దున్నేశాయి. వెనక వస్తున్న నలుగురికి బురద తప్ప ఏమీ కనబడలేదు. సిలిండరు కూడా అందరికన్నా ముందు ఆమెదే ఖాళీ అయింది. పడవెక్కాక ఆ నలుగురూ ముసుగుల్లోని ఇసుక కడుక్కుంటూ కూర్చున్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆడపడుచు భుజాన తువ్వాలు కప్పింది. "పోనీ మానేద్దామా వదినా?"

"నువ్వు మానెయ్" అంది పిట్ట.

మర్నాడు దుకాణంలో ఒక హోటలు వాళ్ళ పరదాలు కుడుతోంది. పరదా గాలికి ఎగరకుండా వేలాడాలంటే అడుగు అంచులో చిన్న సీసం ముక్కలు పెట్టి కుట్టాలి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే. నాలుగో ముక్క పెడుతుండగా ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో, నన్ను పరదాని చేసేశారు కదా!" అని పైకే అనేసింది.

సాయంత్రం స్కూబా కేంద్రానికి పరిగెత్తింది. వెనక షెడ్డులో సిలిండర్లకు గాలి నింపే ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. అరవై దాటిన మనిషి, పిట్ట కన్నా అంగుళం తక్కువే. పరదా కథ వినగానే పకపకా నవ్వింది.

"ఇన్నేళ్ళకు ఒక్కతి అడిగింది! పద, తూచుకుందాం."

దాదాపు ఖాళీ అయిన సిలిండరు తగిలించి పిట్టను కొలనులోకి దింపింది. "గాలి అయిపోయేకొద్దీ సిలిండరు తేలికై నిన్ను పైకి లాగుతుంది తల్లీ. అందుకే ఖాళీదాంతో తూచుకోవాలి. జాకెట్లో గాలంతా తీసెయ్. మామూలుగా ఊపిరి పీల్చి ఆపు. కదలకు. నీళ్ళు కళ్ళ దగ్గరికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా దిగాలి."

ఒక్కో దిమ్మా తీస్తూ పోయారు. మూడు కిలోలకు వచ్చేసరికి నీళ్ళు సరిగ్గా కంటిమట్టాన ఆగాయి.

"అంటే సగం బరువు ఊరికే మోశానా పెద్దమ్మా?"

"నువ్వు నెల మోశావు. నేను పదిహేనేళ్ళు మోశాను. నడుం పట్టేసి మానేశాక గానీ నాకు తెలిసిరాలేదు."

మూలన పడున్న తన పాత జాకెట్టును పెద్దమ్మ ఆమె చేతిలో పెట్టింది. పిట్ట దాని లోపలి గాలిసంచి జోలికి పోలేదు. భుజం పట్టీలు కురచ చేసింది, పొట్ట పట్టీ బిగించింది, జాకెట్టు పైకి జారకుండా కాళ్ళ మధ్యనుంచి ఒక పట్టీ వేసింది. నడుము దగ్గరి దిమ్మల్ని పైకి జరపడానికి సిలిండరు పట్టీకి భుజాల ఎత్తున రెండు చిన్న జేబులు కుట్టింది. పొట్టి సిలిండరొకటి పెద్దమ్మే వెతికి తెచ్చింది.

మాస్టారు ఆ జేబుల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏదైనా ప్రమాదమొస్తే బరువు చటుక్కున వదిలెయ్యగలగాలి. అంతా వీపుకే కట్టుకుంటే ఎలాగమ్మా?"

అదీ నిజమే. ఉప్పునీళ్ళు ఎక్కువ తేలుస్తాయి గనుక ఒక కిలో కలిపి నాలుగు చేశారు. రెండు వీపున, రెండు తీసెయ్యడానికి వీలుగా బెల్టుకు.

ఆ ఆదివారం సముద్రంలో పిట్ట మెల్లగా ఊపిరి వదిలి దిగింది. అడుగుకు జానెడు ఎత్తున ఆగింది. కాళ్ళు వాటంతటవే వెనక్కి చాచుకున్నాయి. ఊపిరి పీలిస్తే వేలెడు పైకి, వదిలితే వేలెడు కిందికి. ఒక్క ఇసుక రేణువు కదల్లేదు. ముఖం కిందే ఇసుక రంగు చేప ఒకటి నేలకు అంటుకుపోయి పడుకునుంది. ఒక కన్ను తిప్పి ఆమెను చూసి, ఈ మనిషి వల్ల తనకేం నష్టం లేదనుకుందేమో, మళ్ళీ కదలకుండా ఉండిపోయింది. పిట్టకు ముసుగులోనే కళ్ళు చెమర్చాయి.

ముందుగా గాలి తగ్గిందని సైగ చేసింది ఆడపడుచు. పిట్ట సిలిండరులో ఇంకా సగం పైనే ఉంది.

"అంత చిన్న సిలిండరేసుకుని గాలి పీల్చావా వదినా, వాసన చూసి వదిలేశావా?" అంది పడవెక్కుతూ.

"నీ పొడుగుకి గాలి కాళ్ళదాకా పోయి రావద్దూ!"

వారం తిరక్కుండానే పిట్ట టేపు పట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. "చేతులెత్తు పెద్దమ్మా."

"ఈ వయసులో నాకెందుకే?"

"నీ నడుం పట్టేసింది బరువు వల్ల, వయసు వల్ల కాదు."

డాక్టరు సరేనన్నాక, కొత్త కొలతల జాకెట్టుతో పెద్దమ్మ పదకొండేళ్ళ తర్వాత నీళ్ళలోకి దిగింది. పక్కనే పిట్ట. ఇద్దరూ ఒకే ఎత్తున, పక్కపక్కనే పరుచుకుని ముప్పావుగంట తిరిగారు. పడవెక్కాక పెద్దమ్మ ముసుగు తీసింది. జుట్టు పిండుకుంటూ కూర్చుంది.

తర్వాత మాస్టారి వైపు తిరిగి, "ఇంకో సిలిండరుందా?" అని అడిగింది.

"నన్నడుగుతారేంటి," అన్నారాయన, "నింపేది మీరేగా!"