పిండి నింపిన గొట్టం

అమెరికాలో, ప్లేనో ఊళ్లోని స్కాన్ సెంటర్‌కు సుబ్బులు జంతికల గొట్టం పట్టుకుని బయలుదేరింది. గొట్టంలో పిండి ఉంది.

ఆమె ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముతుంది. నాలుగు నెలలుగా గొట్టం పిడి తిప్పినప్పుడల్లా కుడి మణికట్టులో, చిటికెన వేలి వైపు, పోటు వస్తోంది. తిప్పడం ఆపితే పోతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఎంఆర్ఐలోనూ ఏమీ లేదన్నారు. కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్‌ను ఒకసారి చూద్దామని డాక్టరు చివరికి అల్ట్రాసౌండ్ రాసింది.

“రెండూ క్లీన్ అని వచ్చాయి. నీది స్ట్రెస్సే,” అన్నాడు భర్త పద్మనాభం కారు నడుపుతూ.

“స్ట్రెస్సయితే ఎడం చేతికి రాలేదేమండీ? దానికి చెప్పడం మర్చిపోయారా?”

“ఇందులోనూ ఏం లేకపోతే ఇక డాక్టర్ల చుట్టూ తిరగొద్దు. ఆ వంటలు క్లోజ్ చేసెయ్.”

“కనబడితే?”

ఆయన సిగ్నల్ వైపు చూశాడు.

స్కాన్ చేసే అమ్మాయి మాయ, ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. మణికట్టు మీద జెల్ రాసి, “హ్యాండ్ ఇలా పెట్టండి ఆంటీ. మూవ్ చెయ్యొద్దు,” అంది.

“కదపకపోతే నాకు నొప్పి రాదమ్మా. ఎక్స్‌రే వాళ్లూ కదలొద్దన్నారు. ఎంఆర్ఐ వాళ్లూ కదలొద్దన్నారు. నొప్పి లేనప్పుడు ఫోటో తీసి నొప్పే లేదంటున్నారు. ఇవాళ కదుపుతాను.”

సుబ్బులు సంచిలోంచి గొట్టం తీసింది. ఒళ్లో స్టీలు గిన్నె పెట్టుకుంది.

“ఈ గొట్టం మా అమ్మమ్మ దగ్గర కూడా ఉంది,” అంది మాయ. “బట్ పిండి ఎందుకు?”

“ఖాళీది తిప్పితే ఏం తెలుస్తుంది? బిగువుంటేనే పోటు.”

మాయ వెళ్లి లోపలి డాక్టర్ని అడిగి వచ్చింది. “ఓకే అన్నారు. వీడియో తీస్తాను. స్లోగా తిప్పండి.”

మాయ స్కాన్ పరికరాన్ని మణికట్టు మీద ఆనించింది. సుబ్బులు పిడి తిప్పింది. పిండి గిన్నెలోకి దిగింది. తెర మీద ఎముక గాడిలో ఒక గుండ్రటి మచ్చ ఉంది. పిడి సగం తిరిగేసరికి అది గాడి దాటి అవతలికి జారింది. పోటు అప్పుడే వచ్చింది.

“ఇదిగో!”

“నేనేం చెప్పకూడదు ఆంటీ, రిపోర్ట్ డాక్టరే ఇస్తారు. ఆ రౌండ్‌ది మీ టెండన్. అంతే.”

“చాలు. మిగతాది నేను చూశాను.”

గొట్టంలో ఇంకా సగం పిండి ఉంది. సుబ్బులు పిడి వదల్లేదు.

“బయట మా ఆయన కూర్చున్నారు, పిలువమ్మా. ఆయన చూసేదాకా తిప్పుతాను.”