షట్టర్ల టీవీలో దోనెల పందెం

ఏలూరులో ముస్లిం పెళ్ళిళ్ళకు ఆడవాళ్ళ వైపు వీడియో తీసేది మెహజబీన్. పరదా లోపలికి మగ కెమెరామేన్‌ని రానివ్వరు కాబట్టి ఆమె పనికి ఎప్పుడూ కొదవ లేదు. ఆ ఏడు భుజాన మోసే పాత కెమెరా తీసేసి, అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా కొనుక్కుంది. ఇంకా దాని మీద ప్లాస్టిక్ కాగితం కూడా పూర్తిగా ఊడకముందే కొల్లేటి మధ్యనున్న కొంగలంక నుంచి కబురొచ్చింది. అక్కడి డ్వాక్రా సంఘాల వాళ్ళు ఆడవాళ్ళకు దోనెల పందెం పెట్టారట. తడిబట్టలతో ఉండే ఆడవాళ్ళను తీయడానికి ఆడమనిషే కావాలన్నారట. భర్త రిజ్వాన్ స్కూటర్ మీద గట్టు దాకా దింపి వెళ్ళాడు. అక్కణ్ణించి పడవలో లంక చేరింది.

తాటిమాను తొలిచి చేసిన సన్నటి దోనెలు పది దాకా వరుసగా నిలిచాయి. గెలుపు గీత కోసం గట్టు మీద ఒకటి, నీళ్ళల్లో ఒకటి వెదురు బొంగులు పాతారు. పెళ్ళి మంటపాల్లో ఇరుకు సందుల్లోంచి తీసీ తీసీ ఆమెకు ఎక్కడ నిలబడాలో బాగా తెలుసు. గట్టు మీది బొంగుకు సరిగ్గా వెనక స్టాండు వేసుకుని, రెండు బొంగులూ తెర మీద ఒకే గీతగా కనబడేలా చూసుకుంది.

పందెంలో చివరికి ఇద్దరే మిగిలారు. ఒకామె కృపమ్మ. నలభై దాటిన మనిషి, రోజూ తెల్లారకముందే చేపల గంపలు దోనెలో వేసుకుని అవతలి గట్టుకు చేరుస్తుంది. ఆ దోనెకు ఎన్ని అతుకులు వేసినా నీరు ఊరుతూనే ఉంటుంది. గెలిచినవాళ్ళకు ఇస్తామన్న కొత్త దోనె మీద ఆమె ఆశంతా పెట్టుకుంది. రెండో ఆమె చంద్రకళ. ఊరి ప్రెసిడెంటు బుల్లిరాజు గారి కోడలు, పాతికేళ్ళ పిల్ల. గట్టు వారగా చంద్రకళ, లోతు వైపు కృపమ్మ, ఇద్దరూ నీటి అడుగున గుచ్చి తోసే గెడలు ఊడబెరికి మళ్ళీ వేస్తూ ఒక్క ఊపున బొంగులు దాటేశారు.

గీతకు కాస్త ఇవతల, దోనెలు వచ్చే వైపు, షామియానా కింద కూర్చున్న బుల్లిరాజు గారు లేచి, చంద్రకళ గెలిచిందని చెప్పారు.

కృపమ్మ మోకాలి లోతు నీళ్ళల్లోకి దిగి, గెడ పట్టుకునే నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు. "నేను ముందు దాటానండీ, ప్రెసిడెంటు గారూ" అంది.

గట్టు మీద గుసగుసలు లేచాయి. సొంత కోడలు కాబట్టే అలా చెప్పారని ఎవరో అన్నది ఆయన చెవిన పడింది. బుల్లిరాజు గారి మొహం నల్లబడింది. లంకలో ఆయన మాటకు విలువుంది. కోడలు పోటీలో ఉందనే, మాట రాకూడదని ఆయన రెప్ప వేయకుండా చూశారు. చూసిందే చెప్పారు.

అప్పుడు చంద్రకళే ముందుకొచ్చింది. "మావయ్యగారండీ, ఎవరు ముందో నాకూ తెలియలేదు. గెడ మీదే ఉంది నా చూపు. గెలిచానంటే, గెలిచినట్టు నాకు తెలియాలి కదండీ."

మెహజబీన్ కెమెరాలో అంతా ఉందని చెప్పింది. పక్కనుండే చిన్న తెర తిప్పి చూపించింది. ఎండలో ఆ తెర మీద పెద్దవాళ్ళకు ఏమీ ఆనలేదు. రెండు చీమలు పాకినట్టుందన్నారు బుల్లిరాజు గారు. ఏలూరు తీసుకెళ్ళి సీడీ చేయించి రేపు తెస్తానంది ఆమె. ఆయన తల అడ్డంగా తిప్పారు.

"ఊరు దాటి వెళ్ళొస్తే, అది అదేనని ఎవరు నమ్ముతారమ్మా? ఇప్పటికే నన్నంటున్నారు, రేపు మిమ్మల్ని కూడా అంటారు. ఇక్కడే చూపించగలిగితే చూపించండి. మా ఇంట్లో టీవీ ఉంది."

లంకలో మిగతావి చిన్న చిన్న సెట్లు. బుల్లిరాజు గారిది మాత్రం నాలుగు కాళ్ళ మీద నిలబడే చెక్క పెట్టె, ముందు పక్కకు జరిపే షట్టర్లు. లంకలోకి వచ్చిన మొదటి టీవీ అదే. మెహజబీన్ పసుపుపచ్చ మొన ఉన్న కెమెరా వైరు చేత్తో పట్టుకుని టీవీ వెనక్కి వెళ్ళింది. ఏంటెన్నా తీగ బిగించడానికి రెండు మరలున్నాయి. అంతే. వైరు పెట్టడానికి చిల్లన్నదే లేదు. ఊరంతా గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

ఏలూరులో అందరి ఇళ్ళల్లోనూ ముందువైపే మూడు రంగుల చిల్లులుండే టీవీలు. ఇలాంటి పరిస్థితి వస్తుందని ఆమె ఊహించలేదు. కుదరదని చెప్పేద్దామని తలెత్తేసరికి గుమ్మంలో కృపమ్మ కనబడింది. తడిచీర పిండుకోవడం కూడా మర్చిపోయి ఈ వైపే చూస్తోంది.

బుల్లిరాజు గారి భార్య సుందరమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, పక్కనే నేల మీద కూర్చుంది. వేసవిలో మనవళ్ళు ఇదే టీవీలో తుపాకులాట ఆడి తలనొప్పి తెప్పించేవాళ్ళని, వాళ్ళూ ఇలాగే వెనక్కి దూరి వైర్లు పెట్టేవాళ్ళని మాటవరసకు అంది.

మెహజబీన్ గ్లాసు కింద పెట్టేసింది. "ఆ ఆట పెట్టె ఇంకా ఉందా అండీ?"

అటక మీంచి టీవీ గేమ్ దిగింది. దాని తీగను ఏంటెన్నా మరలకు బిగించి, టీవీ ముందున్న ట్యూనింగ్ మరను అటూ ఇటూ తిప్పగా తిప్పగా, చుక్కల్లోంచి ఆట బొమ్మ తేలింది. ఇప్పుడు ఆమెకు దారి కనబడింది. ఏంటెన్నా నుంచి వచ్చేదాన్ని తప్ప ఈ టీవీ మరోదాన్ని తీసుకోదు. అయినా ఆట కనబడుతోందంటే, ఆటను ఏంటెన్నా భాషలోకి మార్చేదేదో ఆ పెట్టెలోనే ఉండి తీరాలి. స్టాండు సంచిలోని స్క్రూడ్రైవర్‌తో మూత విప్పింది. టీవీకి వెళ్ళే తీగ ఒక చిన్న రేకు డబ్బాలోంచి బయటికొస్తోంది. అటువైపు నుంచి డబ్బాలోకి నాలుగు సన్నటి తీగలు వెళుతున్నాయి. ఎరుపు, నలుపు కరెంటువి అయ్యుంటాయి. మిగిలిన రెండింట్లో ఒకటి బొమ్మది, ఒకటి శబ్దానిది.

ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక తీగ కత్తిరించింది. మోత ఆగిపోయింది, బొమ్మ అలాగే ఉంది. అయితే రెండోదే కావాలి. దాన్నీ కత్తిరించేసరికి తెర నల్లబడింది. సుందరమ్మ మనవళ్ళ పేరెత్తి గొణుక్కుంది గానీ ఆపమనలేదు.

మిగిలింది కెమెరా వైరు. మెహజబీన్ బ్లేడు తీసి, పసుపు మొనను కోసెయ్యబోయి ఆగింది. ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క వైరే. పక్కన కూర్చున్న చంద్రకళ కెమెరా కాలిపోదు కదా అని మెల్లగా అడిగింది. వచ్చే వారం తంగెళ్ళమూడిలో పెళ్ళి ఉంది. కెమెరా పోతే ఆ పెళ్ళీ పోతుంది, ఆ తర్వాతివీ పోతాయి.

"బేటరీ మీద నడుస్తోంది కదండీ, కాలకూడదు" అంది. నిజానికి మెహజబీన్ ఆ మాట తనకే చెప్పుకుంది. బేటరీలో మిగిలింది కూడా కొంచెమే.

మొన కోసేసింది. లోపలి తీగను రేకు డబ్బాలోకి వెళ్ళే బొమ్మ తీగకు మెలిపెట్టింది, దాని చుట్టూ ఉన్న సన్నటి రాగి అల్లికను డబ్బా ఒంటికి ఆనించి చంద్రకళను గట్టిగా పట్టుకోమంది. కెమెరా మీట నొక్కింది.

తెర మీద తెల్లటి చారలు పైకి పాకాయి. బుల్లిరాజు గారు నిట్టూర్చి లేవబోయారు. మెహజబీన్ ట్యూనింగ్ మరను వెంట్రుకవాసి తిప్పింది. చారలు ఒకసారి వంకర తిరిగి, సర్దుకుని, ఆగాయి. షట్టర్ల మధ్య కొల్లేరు కనబడింది. నలుపు తెలుపుల్లో నీళ్ళు, గుర్రపుడెక్క, గాల్లో కొంగ, దూరంగా దోనెలు. గుమ్మంలో వెనక నిలబడ్డవాళ్ళు ముందువాళ్ళ భుజాల మీద చేతులేసి తొంగిచూశారు.

దోనెలు దగ్గరపడ్డాక ఆమె వేగం తగ్గించింది. రెండు వెదురు బొంగులూ కలిసి తెర మీద నిట్టనిలువు గీతలా ఉన్నాయి. లోతు వైపు దోనె ముక్కు ఆ గీతను తాకింది, దాటింది. అక్కడ ఆపేసింది. చంద్రకళ దోనె ఇంకా మూరెడు వెనకుంది.

"మళ్ళీ వెయ్యండమ్మా" అన్నారు బుల్లిరాజు గారు. వేసింది. ఇంకోసారి అడిగారు. మళ్ళీ వేసింది. ఆయన కుర్చీలోంచి లేచి గుమ్మం వైపు తిరిగారు.

"గట్టు వారగా వచ్చింది నాకు దగ్గరగా కనబడింది. అదే ముందనుకున్నాను. కూర్చోవలసిన చోట కూర్చోలేదు, తప్పు నాదే. కృపమ్మా, దోనె నీది."

చంద్రకళ చేతిలోని తీగ వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తింది. టీవీలో బొమ్మ గజిబిజి అయిపోయింది. దాని గొడవ ఎవరికీ పట్టలేదు. కృపమ్మ రెండు చేతులూ పట్టుకుని, "మూరెడండీ కృపమ్మక్కా, ఉత్త మూరెడు. వచ్చే ఏడు చూసుకుందాం" అంది నవ్వుతూ. బయట ఈలలు, చప్పట్లు. ఎవరో డప్పు అందుకున్నారు.

కృపమ్మ మాత్రం టీవీ ముందుకొచ్చి కూర్చుంది.

"మొదట్నించీ ఒక్కసారి వెయ్యండమ్మా" అంది. మెహజబీన్ తీగ తనే పట్టుకుని పందెం మొత్తం వేసింది. కృపమ్మ జీవితమంతా గెడ వేసింది గానీ, తను గెడ వేస్తుంటే ఎలా ఉంటుందో చూసుకోలేదు. తెర మీది మనిషి ఒళ్ళంతా వెనక్కి విరిచి, గెడ దించి, దోనెను బాణంలా వదులుతోంది. ఆ నడుములో బడలిక లేదు, ఆ చేతుల్లో తడబాటు లేదు.

"అది నేనే కదండీ" అంది కృపమ్మ, అడిగినట్టు కాదు. కళ్ళు తుడుచుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని చివరిదాకా చూసింది. గీత దాటిన క్షణాన తొడ చరుచుకుంది. వెనక ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆ తర్వాత మిగతా పోటీదారులు ఒక్కొక్కరే వచ్చి తమ దోనె ఎక్కడుందో చూపించమన్నారు. బేటరీ అయిపోయేదాకా మెహజబీన్ వేస్తూనే ఉంది. చివరికి, వచ్చే ఏటి పందెం కూడా చూసుకోవడానికి ఆ రేకు డబ్బాను టీవీ వెనకే ఉండనివ్వమని బుల్లిరాజు గారు అడిగారు. మనవళ్ళకు తను జవాబు చెప్పుకుంటానన్నారు.

పొద్దు వాలకముందే కొత్త దోనె నీళ్ళల్లోకి దిగింది. అందులో మొదట ఎక్కవలసింది వీడియో తీసిన ఆమేనని కృపమ్మ పట్టుబట్టింది. మెహజబీన్ కెమెరా సంచి గుండెకు హత్తుకుని మధ్యలో కూర్చుంది. గట్టు మీద జనం వెంట నడుస్తుంటే దోనె కిక్కిస గడ్డి పక్కనుంచి దూసుకుపోయింది. కాస్త నెమ్మదిగా పోదామని ఆమె బతిమాలింది.

"మెల్లగానే వేస్తున్నానండీ, దోనే ఆగట్లేదు" అంది కృపమ్మ, నవ్వుతూ మళ్ళీ గెడ దించి.