మొయినాబాద్ దాకా ఒక పాట

"సాలమ్మా, నాటు పాటల రెండో చరణం ఏందే? కొంగ దిగినంక ఏమొస్తది?"

వసారాలోంచి మొగుడు యోసేపు మాస్టరు కేక వేసేసరికి సాలమ్మ చాయ్ వడపోస్తోంది. వచ్చినవాళ్ళు తొమ్మిది మంది, ఇంట్లో ఉన్న కప్పులు ఆరు. ముందు ఎవరికివ్వాలి, ఎవరిని ఆపాలి, ఎవరి కప్పు కడిగి మళ్ళీ ఎవరికి నింపాలి అని లెక్క చూసుకుంటూనే, పర్దా ఇవతలి నుంచి "కొంగ దిగినంక మబ్బు దిగుతది" అని అందించింది. అవతల ఆయన మబ్బును దించి, రాగం తీసి, చరణం ముగించాడు. "శభాష్ మాస్టరూ! నీ పొట్టల ఎన్ని పాటలున్నయో ఆ దేవునికే ఎరుక" అన్నాడు పోస్టుమాస్టరు బాల్‌రాజ్. ఆ మాటకు సాలమ్మకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. చాయ్ చల్లారిపోతోందని మాత్రం తెలిసింది.

అరవై ఎనిమిది వానకాలం నుంచి చేవెళ్ళలో శనివారం శనివారం ఆ పాటల కూటం జరుగుతోంది. పాటల పిచ్చి ఉన్నవాళ్ళంతా, పంతుళ్ళూ పోస్టాఫీసువాళ్ళూ ఒకరిద్దరు రైతులూ, మాస్టరు వసారాలో చేరేవాళ్ళు. వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. పాటకు పాట. తెచ్చినవాడు పాడాలి, పుచ్చుకునేవాడు తప్పు లేకుండా తిరిగి పాడి వినిపించాలి, అప్పుడే పాట చేతికి అందినట్టు. తర్వాత బాల్‌రాజ్ దాన్ని పొడుగు నోటుబుక్కులో ఎక్కించి పక్కన తెచ్చినవాడి పేరు రాసేవాడు. ఒకరి పేరు మీద ఎక్కిన పాటను ఇంకొకరు తేకూడదు. ఆ బుక్కులో యోసేపు మాస్టరు పేరు మీద ముప్పై ఒక్క పాటలున్నాయి. నాటు పాటలు, కలుపు పాటలు, విసుర్రాయి పాటలు. ఆయన ఏనాడూ మడిలోకి దిగలేదు, విసుర్రాయి పిడి పట్టలేదు.

ఈ సంగతి ముందుగా కనిపెట్టింది శకుంతలమ్మ. మాస్టరు పనిచేసే బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు భూషణరావు భార్య. భీమిలి వైపు మనిషి, వాళ్ళ నాన్నకు సముద్రం మీద పడవ ఉండేదట. మొగుడు వసారాలో కూర్చుంటే ఆమె వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకునేది.

"ఏటి చెల్లీ, పాటలన్నీ ఇటునుంచి అటెల్తన్నాయి, శభాషులన్నీ అక్కడే ఆగిపోతన్నాయి?" అంది మొదటి రోజే.

"ఊకో అక్కా, ఇంటరు."

"విననీ. మా ఆయన సంగతి సెప్పనా? పడవెక్కితే వాంతులు మనిషికి. ఒడ్డున నిలబడితేనే కళ్ళు తిరుగుతాయి. వలలాగుడు పాట ఆయన పేరు మీద రాసీసుకున్నారు!"

ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆ నవ్వుతో వంటింట్లో ఇంకొక కూటం మొదలైంది. దానికి నోటుబుక్కు లేదు. చింతపండు గింజ తీస్తూ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఒకరి పాట ఒకరు పుచ్చుకున్నారు. సముద్రం ఎంత ఉంటుందని సాలమ్మ అడిగింది. గండిపేట చెరువు కంటే పెద్దదా అని. "గండిపేట దానికి గుక్కెడు" అంది శకుంతలమ్మ. ఆ గుక్కెడును తలచుకుని సాలమ్మకు దిగులు పుట్టింది. అంత నీళ్ళ అవతలికి పోయే మొగుణ్ణి, కొడుకును ఆడవాళ్ళు ఎట్లా సాగనంపుతారో!

*అల ఒకటి ఎనక్కెల్తే, ఐలెస్సా*
*మనమొకటి ముందుకెల్దాం, ఐలెస్సా*

బావిలో చేద వేసి ఆ పాట పాడుకుంటే నీళ్ళకుండ సగం బరువే అనిపించేది. ఊపిరి ఎక్కడ తీయాలో, తాడు ఎక్కడ వదలాలో పాటే చెప్పేది. శకుంతలమ్మ మాత్రం, "నా వలపాట నీకు ముట్టింది. నాకు రావాల్సింది ఏదీ? నువ్వు పొయ్యి ముందు పెదవి కదపకుండా కూనిరాగం తీస్తావే, అది కావాలి" అంది.

అది మారెమ్మ పాట, సాలమ్మ తల్లిది. పదమూడో ఏట ఆలూరులో బండెక్కించి అత్తింటికి పంపుతూ తల్లి పాడిన అప్పగింత పాట. ఆ తర్వాత తల్లిని సాలమ్మ చూడలేదు. కలరా వచ్చిందని కబురు అందేసరికి మట్టి కూడా అయిపోయింది. ఆ పాటను పైకి పాడితే అమ్మ రెండోసారి పోతుందేమోనన్న భయం ఆమెది. "ఇస్త అక్కా, జర ఆగు" అంది. ఆ మరుసటి శనివారమే వసారాలోంచి ఆ పాట వినిపించింది. చప్పట్ల దరువుతో, కంజీరతో, పెళ్ళి ఊరేగింపు పాటలాగా.

*బండి మలుపు తిరిగె బిడ్డా, దుమ్ము నా కండ్ల నిండె*
*దుమ్ము దిగేసరికే బిడ్డా, దూరమాయె నీ ఊరు*

పొయ్యి ముందు ఎప్పుడు మాటలు బయటపడేట్టు గొణుక్కుందో, ఆయన ఎప్పుడు విన్నాడో! చేతిలో గంటె అట్లాగే ఉండిపోయింది. వాళ్ళంతా వెళ్ళాక, "నన్నొక మాట అడగకపోతివి" అంది. "అడిగేదేముందే? మనకు నీదని నాదని ఉన్నదా?" అన్నాడు ఆయన, చాలా ప్రేమగానే. నీదని నాదని లేనప్పుడు బుక్కులో పేరెందుకని ఆమెకు అప్పుడు తోచలేదు. తోచేసరికి ఆయన నిద్రపోయాడు. శకుంతలమ్మకు ఇవ్వడానికి ఇక ఏమీ మిగల్లేదు. వంటింట్లో బుక్కు లేకపోయినా, ఎక్కిన పాటను మళ్ళీ తేకూడదన్న వసారా కట్టుబాటు ఆమె మనసులో పాతుకుంది.

తర్వాత అరవై తొమ్మిది వచ్చింది. పట్నంలో మొదలైన ప్రత్యేక తెలంగాణ మంట చేవెళ్ళకు వచ్చింది. బడి మూతపడింది, కూటం ఆగిపోయింది. యోసేపు మాస్టరు దీక్షలో కూర్చున్నాడు. ఆయన కోపం అబద్ధం కాదు. పద్నాలుగేళ్ళ నౌకరీ తర్వాత హెడ్మాస్టరు కుర్చీ ఆయనకే రావాలి. వస్తుందని కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు. ఆ కుర్చీలో భూషణరావు కూర్చున్న రోజు, స్నానం చేస్తూ నీళ్ళ చప్పుడులో ఆయన ఏడవడం సాలమ్మ విన్నది. అందుకే "మనది మనకు కావాలె అంటున్నం. గంతే గదా! తప్పా?" అని ఆయన అడిగితే, "తప్పెట్ల అయితది" అని మనస్ఫూర్తిగా అంది. "అయితే ఆళ్ళింటికి పోకు" అన్నాడు. అక్కడ ఆమెకు దారి తప్పింది. మొదటి మాట నిజమే అయితే రెండోది ఎట్లా వచ్చింది? శకుంతలమ్మ ఎవరి కుర్చీలో కూర్చుంది? పీట మీద కదా కూర్చుంది! మనది మనకు అన్న మాట రోజూ పొద్దున్నా సాయంత్రం చెవిన పడుతుంటే, అందులో తన కోసం ఏమైనా ఉందా అని ఒక్కోసారి వెతుక్కునేది. మళ్ళీ, ఊరంతా దెబ్బలు తింటుంటే నాకు పాట గురించి పట్టింపా అని సిగ్గుపడేది. అటూ కాక ఇటూ కాక ఐదు నెలలు గడిచాయి. శకుంతలమ్మ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే తల వంచుకుని పోయేది. అట్లా పోయినందుకు అన్నం సహించేది కాదు.

వానలు పడ్డాయి. మొయినాబాద్ తొవ్వ మీద మాస్టరు వాళ్ళకున్న అరెకరంలో నాట్లు పడుతున్నాయి. సాలమ్మతో కలిసి ఏడుగురు ఆడవాళ్ళు మడిలో ఉన్నారు. ఆ రోజు రాస్తా రోకో. గాలివానకు కూలిన చింతమొద్దును రోడ్డుకు అడ్డంగా ఈడ్చాలని మగవాళ్ళు పొద్దున్నుంచీ కుస్తీ పడుతున్నారు. ఒకడు జిందాబాద్ అంటే ఒకడు లాగుతాడు, ఇంకొకడు వదిలేస్తాడు. మొద్దు మొద్దులాగే ఉంది.

"ఓ అక్కలారా, జర వచ్చి ఒక చెయ్యి వెయ్యుండ్రి!" అని గట్టు మీది నుంచి యోసేపు మాస్టరే పిలిచాడు.

"ఎందుకు బాపు, నినాదాలకు కదుల్తలేదా?" అంది అందరిలో పెద్దది కౌసల్యమ్మ. బురద కాళ్ళతోనే ఏడుగురూ వచ్చి తాడు పట్టారు. తాడు చేతికి తగలగానే సాలమ్మ నోట్లోంచి అదే వచ్చింది. ఆలోచించి పాడింది కాదు. బరువు కనిపిస్తే ఒళ్ళు దానికదే అందుకునే పాట అది.

"అల ఒకటి ఎనక్కెల్తే..."

"ఐలెస్సా!" అన్నారు ఆడవాళ్ళు. నాట్లలో ఆమె వాళ్ళకు ఎప్పుడో నేర్పింది. మొద్దు కదిలింది. మగవాళ్ళు కూడా గొంతు కలిపారు. నాలుగు చరణాలకు చింతమొద్దు రోడ్డు నడుమకు వచ్చి కూర్చుంది. అందరూ కేకలు పెట్టారు. బాల్‌రాజ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మాస్టరూ, ఇది హెడ్మాస్టరు పేరు మీదున్న పాట! ఆళ్ళ పాటతోటి ఆళ్ళ తొవ్వ ఆపినం!"

మాస్టరు ముఖం మాడింది. సాలమ్మ వైపు చూశాడు. ఆమె మాత్రం ఆయన్ని చూడటం లేదు. చేవెళ్ళ వైపు నుంచి వచ్చి ఆగిన బస్సును చూస్తోంది. మూడో కిటికీలో శకుంతలమ్మ ఉంది. నెత్తి మీద కొంగు, ఒడిలో దేవుడి పటం, కాళ్ళ దగ్గర ట్రంకు పెట్టె.

సాలమ్మ కాళ్ళు ఎట్లా నడిచాయో, కిటికీ కిందికి చేరింది. "అక్కా, ఎక్కడికి?"

"ఎక్కడికేటి, మా ఊరికే. ఆయన ముందే ఎలిపోయారు. సామాన్లు సర్దడం, ఇల్లు కడగడం, అద్దె ఇంటి తాళం అప్పగించడం ఎవరి పని?" గొంతు బాగానే ఉంది, కళ్ళే బాగాలేవు. "నువ్వు ఊపిరి తప్పు తీస్తన్నావు చెల్లీ. 'లె' దగ్గర తియ్యాలి. లాపోతే నడుం పట్టీస్తాది."

సాలమ్మకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఈమె ఇచ్చిన పాటతోనే ఈమె దారికి మొద్దు అడ్డం లాగాను. కానీ ఆ మొద్దు లాగడం తప్పు కూడా కాదే! తప్పు కాని పని చేసి ఎందుకు ఇంత తప్పు చేసినట్టుంది? "నాకు తెల్వదు అక్కా, నువ్వు పోతున్నవని తెల్వదు" అంది. చెప్పాల్సింది అది కాదు.

"తెలిస్తే లాగకపోదువా?"

సాలమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. "లాగుదునేమో" అంది.

శకుంతలమ్మ ఒడిలో పటాన్ని సర్దుకుని, "నిజం సెప్పావు, పోన్లే" అంది.

నాలుగింటికి రాస్తా రోకో ముగిసింది. మగవాళ్ళు చాయ్ హోటలు వైపు నడిచారు. మొద్దు రోడ్డు మీదే ఉంది. వెనకాల ఒక బస్సు, రెండు లారీలు, ఎడ్లబండ్లు. "అడ్డం పెట్టెతందుకు జిందాబాదులు, తీసెతందుకు మనమా!" అని కౌసల్యమ్మ తిడుతూనే తాడు అందుకుంది. మళ్ళీ అదే పాట. ఈసారి సాలమ్మ ఊపిరి 'లె' దగ్గర తీసింది. నడుముకు నిజంగానే హాయిగా ఉంది. మొద్దు పక్కకు జరిగింది, బస్సు ఇంజను మొదలైంది. అది కదిలితే ఈ మనిషి గుక్కెడు గండిపేట దాటి, ఆ అంతులేని నీళ్ళ ఒడ్డుకు పోతుంది. మళ్ళీ కనపడదు. బండి మలుపు తిరిగితే మనుషులు మళ్ళీ కనపడరని సాలమ్మకు పదమూడో ఏటనే తెలుసు. ఆమె తాడు కింద పడేసి బస్సెక్కింది.

యోసేపు మాస్టరు హోటలు ముందు నుంచి పరుగున వచ్చాడు. "ఏయ్! ఎటే?"

"మొయినాబాద్ దాకా."

"ఏం పని?"

"అక్కకు పాట ఇయ్యాలె. మా అమ్మ పాట."

"నీకేమన్న తిక్కనా? అది ఎప్పుడో ఇచ్చినం గదా, బుక్కుల ఎక్కలేదా!"

"నువ్వు ఇచ్చినవు. నేను ఇయ్యలేదు."

ఆయన అటూ ఇటూ చూశాడు. చుట్టూ జనం ఉన్నారు, బాల్‌రాజ్ ఉన్నాడు. "మరి మడి? బువ్వ?" అన్నాడు, గొంతు తగ్గించి, దారి తప్పినవాడిలాగా. ఆ క్షణాన ఆయన మీద జాలి కలిగింది. దిగుదామా అనిపించింది కూడా. కానీ బస్సు కదిలింది.

దారి పొడుగునా పాడింది. చప్పట్లు లేకుండా, తల్లి పాడినట్టు, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి. అమ్మ రెండోసారి పోలేదు. ఎక్కడో గొంతులో వచ్చి కూర్చుంది. శకుంతలమ్మ తిరిగి పాడింది. 'దుమ్ము దిగేసరికే' దగ్గర రెండుసార్లు తప్పింది, మూడోసారికి పట్టుకుంది. సాలమ్మకు ఒక పక్క భయం. చేతిలో సంచి లేదు, కాళ్ళకు బురద. తిరుగు బస్సు ఉంటుందో లేదో. ఉన్నా ఇంటి ముందు ఆయన ఎట్లా నిలబడి ఉంటాడో. ఏమీ తెలియదు. తెలియకుండానే మళ్ళీ మొదటి చరణం అందుకుంది.

మొయినాబాద్ దగ్గరపడుతుంటే శకుంతలమ్మ కళ్ళు తుడుచుకుని, "మా ఆడోళ్ళకి నేర్పుతాను. ఎవరి పాటని అడుగుతారు. ఏటి సెప్పను?" అంది.

మా మాస్టరుది అనబోయి సాలమ్మ ఆగింది. పన్నెండేళ్ళ కాపురం అలవాటు నాలుక చివర నిలబడి ఉంది. బస్సు ఆగింది, కండక్టరు దిగమని తొందరపెడుతున్నాడు.

"ఆలూరు మారెమ్మది అని చెప్పు అక్కా" అంది. మెట్టు మీద కాలు పెట్టాక మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఎవరిచ్చిన్రు అని అడిగితే, ఆమె బిడ్డ సాలమ్మ ఇచ్చిందని చెప్పు."