గురి తేల్చిన ఇసుక సంచి

నేను ఒక ఇసుక సంచిని. అప్పుడే ముఖం చిట్లించకండి. వరద గట్టుకో, ఇల్లు కట్టేచోటికో పుట్టినదాన్ని కాను. పెన్న ఒడ్డున ఉన్న ఒక జిల్లా కేంద్రంలో, పోలీసుల ఆయుధాల గదిలో, తుపాకుల గురి సరిచూడటానికి పుట్టినదాన్ని. ఇప్పుడు మరలు తిప్పితే పైకీ కిందికీ కదిలే ఇనప స్టాండు ఒకటి వచ్చింది. దాన్ని రోజూ గుడ్డతో తుడుస్తారు. నన్ను మాత్రం గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. పెట్టనీ! కూర్చున్నచోట పాత రోజులు తలచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

నన్ను తయారుచేసినవాడు దస్తగిరి. తుపాకులు బాగుచేసే హెడ్ కానిస్టేబులు. నేను రాకముందు అతను తుపాకీని ఇటుకల మీద పెట్టి గురి చూసేవాడు. గట్టిదాని మీద పెడితే తుపాకీ పేలిన ప్రతిసారీ ఎగిరిపడుతుంది, గుండు పైకి పోతుంది. అది తెలియక, గురే తప్పనుకుని, పాపం ఎన్ని మంచి తుపాకుల ముక్కులు, అదే గొట్టం కొసన గురి చూసే మొనలు, వంచాడో! చివరికి మెత్తగా ఉండేదే కావాలని తేలింది. తన పాత ఖాకీ ప్యాంటు కాలు కత్తిరించి, భార్య హుసేన్‌బీ చేత కుట్టించాడు. మోయడానికి తేలిగ్గా ఉంటుందని అందులో జొన్నలు పోశాడు.

ఆ తెలివికి దండం పెట్టాలి. ఆ ఏడు ముసురు పట్టింది. పైకప్పు కారింది. నాలుగురోజులకు నా కుట్లలోంచి పచ్చగా మొలకలు తొంగిచూశాయి. తుపాకుల మధ్య పైరు పెట్టిన ఘనత మా దస్తగిరిదే. హుసేన్‌బీ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"రొట్టెలకు పెట్టుకున్న జొన్నలయ్యా అవి! ఇంగ నీళ్ళు పోసి ఎరువు గూడా ఎయ్యి, కోతకొస్తాది!"

ఆ తర్వాత పెన్న ఇసుక తెచ్చి, కడిగి, ఎండబెట్టి, ఆమె పిండి జల్లెడతోనే జల్లించి నాలో పోశారు. అదీ మెడదాకా కాదు. నిండుకుండ తొణకదని మనుషులు గొప్పగా చెప్పుకుంటారు గానీ, నేను నిండితే రాయినే. కొంచెం వెలితి ఉంటేనే నడుమ పల్లం పడుతుంది, తుపాకీ అందులో ఒదిగి పడుకుంటుంది. నా మీద పడుకున్న తుపాకీకి మనిషి చేతి వణుకు అంటదు. అందుకే గుండు తప్పితే ఆ తప్పు తుపాకీదా, మనిషిదా అన్నది నా దగ్గర తేలిపోతుంది.

అదే నాకు శత్రువులను తెచ్చింది. గురి తప్పినవాడు ఎవడైనా సరే, "తుపాకీ బాగలేదన్నా" అంటూ వచ్చేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! నా మీద పెట్టి కొడితే గుండ్లన్నీ ఒక్కచోట పడేవి. వాడు తల గోక్కుంటూ, నా వైపు గుర్రుగా చూస్తూ పోయేవాడు. ఎంత నవ్వుకునేదాన్నో! నవ్వలేకపోయింది ఒక్క ఓబులేసు విషయంలోనే.

ఓబులేసు కూడా హెడ్ కానిస్టేబులే. దస్తగిరితో కలిసి ఉద్యోగంలో చేరినవాడు. రాష్ట్ర పోలీసు పోటీలకు ఏటా జిల్లా తరఫున వెళ్ళి, కప్పు లేకుండా తిరిగొచ్చినవాడు కాదు. ఆ పోటీలే అతని పండగ, అతని పెళ్ళి, అతని ప్రాణం. అలాంటివాడి గుండ్లు ఒక ఏడు చెల్లాచెదురుగా పడసాగాయి. తుపాకీదే తప్పన్నాడు. వాళ్ళ పై అధికారి, రిజర్వు ఇన్‌స్పెక్టరు ఆర్.ఐ. గారు దస్తగిరిని పిలిచి తేల్చి చెప్పారు.

"పొద్దున గురి చూసి నాకు చెప్పు. తప్పు తుపాకీదయితే వేరేది ఇస్తాం. ఓబులేసుదయితే ఈసారి పెంచలమ్మ పోతుంది."

పెంచలమ్మ కొత్తగా చేరిన కానిస్టేబులు. మాట తక్కువ, గురి ఎక్కువ.

పొద్దున్నే మైదానంలో చాప పరిచారు. నన్ను ముందు పెట్టారు. ఓబులేసు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. దస్తగిరి తుపాకీని నా మీద ఒదిగించి అయిదు గుండ్లు కొట్టాడు. పెంచలమ్మ పరుగెత్తి గురి అట్ట తెచ్చింది. అయిదు చిల్లులూ ఒక్క అరచేతితో మూసేయొచ్చు. దస్తగిరి ముఖంలో నెత్తురు లేదు. "నువ్వు కొట్టు పాపా" అన్నాడు. ఆమె కొట్టింది. అవీ అంతే. తుపాకీలో ఏ తప్పూ లేదు. అది నాకు తెలుసు, దస్తగిరికీ పెంచలమ్మకూ తెలుసు. దేవుడా, ఈ ఒక్కసారికి నా కుట్లు తెగి ఇసుకంతా కారిపోతే ఎంత బాగుండునో అనిపించింది.

దస్తగిరి చిన్న సుత్తి తీసుకున్నాడు. "తుపాకీ ముక్కు రవ్వంత పక్కకు జరిగుండాది అన్నా. ఒగ దెబ్బేస్తే సరిపోతాది" అంటూ టక్కున కొట్టాడు. నా మీద పడుకున్న తుపాకీ కదలనేలేదు. సుత్తి తగిలింది పక్కనున్న చెక్కపెట్టెకు.

ఓబులేసు వచ్చి పడుకుని కొట్టాడు. గుండ్లన్నీ ఒక్కచోటే పడ్డాయి. పడవా మరి? మోసింది నేను కదా. "చూసినావా, సరిపోయింది!" అని దస్తగిరి గంతులేశాడు. ఓబులేసు నన్ను పక్కకు జరిపి, తుపాకీని తన చేతిమీదే నిలిపి మళ్ళీ అయిదు కొట్టాడు. ఈసారి పెంచలమ్మ అట్ట తెచ్చి ఇవ్వకుండా వెనక దాచుకుంది. అంతలో ఆర్.ఐ. గారి జీపు వచ్చింది.

దస్తగిరి సెల్యూటు కొట్టి, "సార్, తుపాకీలోనే..." అని మొదలుపెట్టాడు.

"తుపాకీ బంగారం సార్" అన్నాడు ఓబులేసు. "నా చెయ్యే అదురుతాండాది. పాపను పంపీండి."

పెంచలమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "నాకొద్దు సార్. ఈ సారుండంగా నేనెట్ల పోదును?"

"నోర్ముయ్ పాపా! నీ మింద దయతో ఇస్తాండానా? కొట్టినావు గాబట్టి పోతాండావు. పో, పోయి తుపాకీ తుడుచుకో."

జీపు వెళ్ళిపోయింది. ఆమె తుపాకీ తీసుకుని వెళ్ళింది. ఎండలో ముసలి స్నేహితులిద్దరూ, మధ్యన నేనూ మిగిలాం.

"యాంరా దస్తగిరీ, చెక్క మింద కొట్టిందానికీ ఇనుము మింద కొట్టిందానికీ తేడా నాకు తెలీదనుకుంటివా?"

"ఏం చేద్దును అన్నా... నా నోటితో చెప్పలేకపోతి." దస్తగిరి సుత్తిని పెట్టెలో పడేశాడు.

ఓబులేసు చాప మీద అలాగే ఒరిగి, తలను నా మీద పెట్టాడు. ఎన్నో తుపాకులను మోశాను గానీ మనిషి తలను మోయడం నాకు అదే మొదలు. అతని చెంప తడిగా ఉంది. నాకేడుపు రాదు గానీ, వచ్చి ఉంటే ఆ పూట ఆపుకునేదాన్ని కాను.

"ఎండెక్కుతాండాది, లెయ్ అన్నా" అన్నాడు దస్తగిరి.

"రవ్వంత సేపు ఉండనీ అబ్బా" అన్నాడు ఓబులేసు, కళ్ళు మూసుకునే. "ఇన్నేండ్లూ తుపాకీని నేనొక్కన్నే మోస్తి. దించుకుంటే ఇంత సుఖంగా ఉంటాదని ఎవురూ చెప్పలేదే."