అడుగునీరు

చిట్టి పనిచేసే ఆఫీసులో సముద్రం కంప్యూటర్‌లో ఉంటుంది. అలలు వస్తాయి, విరుగుతాయి, ఇసుక లేస్తుంది. తడి మాత్రం తగలదు. విరిగిన అలలో పైనీరు ఇసుకను గట్టుకు తోస్తుంటే అడుగునీరు వెనక్కి ఈడ్చుకుపోతుంది. ఆ గుంజులాటలో ఎవరిది పైచేయో చెప్పే అంకె ఒకటుంది. కిందటి తుఫానుకు ముందూ తర్వాతా కొలిచిన తీరం వాలుతో కంప్యూటర్ బొమ్మ కలిసేదాకా దాన్ని సవరిస్తారు. కలిశాక ఇక దాని మీద చెయ్యి పడకూడదు.

ఏ ఇళ్లు ఖాళీ చేయించాలో పైవాళ్లు తేల్చేది ఆ బొమ్మను బట్టే. అది సాయంత్రంలోగా పంపాలి. అందులో, వచ్చే తుఫాన్లకు కోసుకుపోయే గట్టు మీదే చిట్టి అక్క ఇల్లుంది.

మధ్యాహ్నం అక్క ఊడిపడింది.

"ఏమే, నీ సముద్రంలో మా కొంప ఏదే?"

చిట్టి వేలు పెట్టి చూపించింది. అక్క ముక్కు తెరకు ఆనేంత వంగింది.

"గోరంత లేదు! దీని మీదా సముద్రం కన్ను?"

"నేనేం చెయ్యనక్కా?"

"ఏదో అంకె ఉందని నువ్వేగా చెప్పావు. కాస్త తిప్పరాదూ? ముక్కూమొహం తెలియనివాళ్లకా చేస్తున్నావు, తోడబుట్టినదానికి."

"ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయట."

"మనకు మీసాల్లేవులే. తిప్పు."

పొద్దున్నే ఎవరూ రాకముందు ఒకసారి తిప్పి చూసుకున్న సంగతి చిట్టి చెప్పలేదు. మళ్లీ తిప్పింది. తెరమీద కాలం పరుగెత్తింది. పోయిన ఇసుక కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. గట్టు నిలిచింది, గోరంత ఇల్లూ నిలిచింది. అక్క ముఖం చాటంత అయింది.

"అదీ! అదే పంపెయ్."

"పంపితే మీరు ఇల్లు కదలరు."

"కదలకుండా ఉండటానికే కదే తల్లీ."

"తుఫాను వచ్చినా?"

అక్క నవ్వు ఆగిపోయింది.

"అసలు అంకెతో అయితే ముందు ఏ గోడ పోతుందే?"

"సముద్రం వైపుది."

"అది పిల్లలు పడుకునే గది" అంది అక్క, చెల్లెలికి తెలియనట్టు.

చిట్టి అంకెను వెనక్కి మార్చబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది.

"ఆగు. పంపొద్దులే. ఒక్కసారి మళ్లీ ఆడించు, చూసి పోతాను."

ఇద్దరూ చూశారు. ఇసుక మళ్లీ గట్టుకు చేరింది. ఆఖరి అల దాకా చూసి అక్క సంచి భుజానికెత్తుకుంది.

"తలుపులు కొత్తవే. మీ బావ మోజుపడి చేయించాడు. విప్పి తెచ్చుకోవచ్చంటావా?"

"తుఫానుల కాలం రాకముందే విప్పమను."

"ఎందుకంటాడే. ఏం చెప్పను?"

చిట్టి మెట్ల దాకా వెంట వెళ్లి తిరిగొచ్చింది. అక్క మెట్లు దిగే చప్పుడు ఆగాక, అసలు అంకె పెట్టి బొమ్మను పంపేసింది.